గొంతుకు బదిలీ లేదు

మన విద్యాలయ పత్రికలో హిందీ, ఇంగ్లీషు, సంస్కృతం పేజీల తర్వాత ప్రాంతీయ భాషల విభాగం వస్తుంది. అందులో తెలుగుకు నాలుగైదు పేజీలు దొరుకుతాయి. ఆ పేజీలు చూసి మన ఇళ్లలో అందరూ సంతోషిస్తారు. అయితే ఒక ప్రశ్న వేసుకోవాలి. ఇంట్లో తెలుగు మాట్లాడే మన పిల్లల్లో ఈ పేజీలను సొంతంగా చదవగలిగేది ఎంతమంది? ఎనిమిది, తొమ్మిది తరగతుల వాళ్లు కూడా చాలామంది పత్రిక తీసుకెళ్లి అమ్మ చేతిలో పెడతారు. "చదివి వినిపించమ్మా" అంటారు. అమ్మ చదువుతుంటే కథంతా అర్థమవుతుంది. నవ్వాల్సిన చోట నవ్వొస్తుంది. కాబట్టి వాళ్లకు తెలుగు రాదని అనలేం. రానివి అక్షరాలే.

మేము పై తరగతుల్లో చదువుతున్న తెలుగు విద్యార్థులం. మాలోనూ సగం మంది తెలుగు పేజీ దగ్గర కూడబలుక్కునేవాళ్లమే. అందుకే ఈసారి ఒక అభిప్రాయం మీ ముందు పెడుతున్నాం. హక్కుల గడువు తీరిపోయిన పాత తెలుగు కథలను, నవలలను మనమే పైకి చదివి, రికార్డు చేసి, అక్షరాలు రాని మన తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ వినిపించాలి. ప్రపంచంలో చాలాచోట్ల ఈ పని జీతం లేకుండా, ఇష్టంతో సాగుతోంది. బదిలీల మీద ఊళ్లు తిరిగే మనలాంటి పిల్లలకు ఇంతకంటే తగిన పని మరొకటి లేదని మా నమ్మకం. ఎందుకో వివరంగా చెబుతాం.

బస్తర్‌లో తెలుగు కొత్తది కాదు. దక్షిణాన కొంటా, భోపాలపట్నం వైపు ఎన్నో ఇళ్లలో తెలుగే వినిపిస్తుంది. బైలదిలా కొండల్లో ఇనుప గనులు మొదలయ్యాక, 1960ల నుంచి మరికొందరు వచ్చారు. ఆ ఖనిజాన్ని విశాఖపట్నం రేవుకు చేర్చడానికే కొత్తవలస నుంచి కిరండూల్ దాకా రైలు మార్గం వేశారు. గనులు నడిపే ఎన్‌ఎండీసీ ప్రధాన కార్యాలయం హైదరాబాదులో ఉంది. గనులు, రైల్వే, కేంద్ర బలగాలు, బ్యాంకులు, తపాలా శాఖ, ఇలా ఏదో ఒక ఉద్యోగం మీద మన అమ్మానాన్నలు ఇక్కడికి వచ్చారు. అందువల్ల మన బడిలో శ్రీకాకుళం తెలుగు, వరంగల్లు తెలుగు, కడప తెలుగు, ఖరగ్‌పూర్‌లో పుట్టి పెరిగిన తెలుగు పక్కపక్క బెంచీల మీద కూర్చుంటాయి.

మాట ఇంట్లో వస్తుంది, లిపి బడిలో వస్తుంది. ఒకటో తరగతి అనకాపల్లిలో చదివిన పిల్లవాడికి గుణింతాలు వస్తాయి. వత్తులు నేర్చుకునే వేళకు వాళ్ల నాన్నకు రాంచీ బదిలీ అవుతుంది. అక్కడి నుంచి జబల్‌పూర్, ఆ తర్వాత జగదల్‌పూర్. ఈ ఊళ్లన్నిటిలో దేవనాగరి ఉంటుంది, ఇంగ్లీషు ఉంటుంది. తెలుగు అక్షరం మాత్రం వేసవి సెలవుల్లో అమ్మమ్మగారి ఊరి బస్సు బోర్డు మీద కనిపిస్తుంది. 'లక్ష్మీపురం' అన్న పేరులో రెండో అక్షరం దగ్గర చూపు ఆగిపోతుంది. చెవి మాత్రం ఎక్కడా ఆగదు. ఫోన్లో నాయనమ్మ విసిరే సామెతను కూడా పట్టుకుంటుంది. మన పిల్లల దగ్గర మిగిలిన తెలుగు ఎక్కువగా చెవిలోనే ఉంది. అలాంటప్పుడు పుస్తకం కూడా చెవి దారినే రావడం న్యాయం.

ఈ దారి ముందే వేసినవాళ్లు ఉన్నారు. కెనడాలోని మాంట్రియల్ నగరంలో హ్యూ మెక్‌గ్వైర్ అనే ఆయన 2005 ఆగస్టులో లిబ్రివాక్స్ అనే ప్రయత్నం మొదలుపెట్టారు. హక్కుల గడువు తీరిన పుస్తకాన్ని ఎవరైనా చదివి రికార్డు చేయవచ్చు. ఒక్కరే మొత్తం చదవాలంటే నెలలు పడుతుంది. పదిమంది తలా ఒక అధ్యాయం తీసుకుంటే కొద్ది రోజుల్లో అయిపోతుంది. ఆలోచన ఇంతే. జోసెఫ్ కాన్రాడ్ నవల 'ద సీక్రెట్ ఏజెంట్'ను అలా పంచుకుని చదివారు. అదే వారి మొదటి పుస్తకం. ఇవాళ అక్కడ ఎన్నో భాషల్లో వేలాది పుస్తకాలు ఉచితంగా వినడానికి ఉన్నాయి. చదివినవారికి జీతం లేదు, వినేవారికి రుసుము లేదు. అంతకుముందే, 1971లో, అమెరికాలో మైకేల్ హార్ట్ పాత పుస్తకాలను కంప్యూటర్లోకి ఎక్కించే ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్‌ను ప్రారంభించారు. లిబ్రివాక్స్ వాళ్లు చదివే పుస్తకాల్లో చాలా భాగం అక్కడివే. టైపు చేసినవారు ఎవరో, చదివినవారు ఎవరో, వింటున్నది ఇంకెవరో. ఒకరి మొహం ఒకరు చూడకుండానే పుస్తకం పూర్తవుతుంది.

పని ఎలా జరుగుతుందో తెలిస్తే మనవల్ల కూడా అవుతుందని అనిపిస్తుంది. ప్రతి పుస్తకానికి ఒక సమన్వయకర్త ఉంటారు. ఏ అధ్యాయం ఎవరు తీసుకున్నారో పట్టిక రాసుకుంటారు. కొత్తగా చేరేవారు ముందు ఒక నిమిషం చదివి పంపుతారు. మైకు సరిగా పనిచేస్తోందా, వెనక గుయ్యిమనే చప్పుడు ఏమైనా వస్తోందా అని అందులో చూస్తారు. తర్వాత అధ్యాయం రికార్డు చేసి పంపితే, మరొకరు పుస్తకం పక్కన పెట్టుకుని మొదటి నుంచి చివరి దాకా వింటారు. ఒక వాక్యం రెండుసార్లు పడినా, ఒక పేరా జారిపోయినా, ఎన్నో నిమిషం ఎన్నో సెకను దగ్గరో రాసి పంపుతారు. చదివినవారు ఆ ముక్క మళ్లీ చదివి అతికిస్తారు. అన్ని అధ్యాయాలూ చేరాక ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో అందరికీ అందేలా పెడతారు. ఎవరు ఎంత బాగా చదివారని మార్కులు వేయరు. యాస గురించి అభ్యంతరం చెప్పరు. మాట స్పష్టంగా ఉండి, పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు చదివితే చాలు.

ఇక మన సంగతికి వద్దాం. బదిలీ పిల్లలు ఏ పని మొదలుపెట్టినా టీసీతో ఆగిపోతుంది. నాటకం రిహార్సల్లో ఉండగా రాజు వేషం వేసేవాడు వెళ్లిపోతాడు. కబడ్డీ జట్టు కుదిరే సమయానికి ఇద్దరు తగ్గుతారు. బడి తోటలో మొక్క నాటిన పిల్ల దాని పువ్వు చూడదు. అధ్యాయాలు పంచుకుని చదివే పనికి మాత్రం ఈ బెంగ లేదు. మొదటి అధ్యాయం బచేలీలో చదివిన అమ్మాయి నాలుగోది కల్పాక్కంలో చదవవచ్చు. మధ్యలోవి ఇక్కడే ఉన్న అబ్బాయిలు చూసుకుంటారు. జామ్‌నగర్ వెళ్లిపోయిన అక్క విని తప్పులు పట్టుకుంటుంది. అందరూ ఒకే ఊళ్లో ఉండాల్సిన అవసరం లేదు. పైగా వెళ్లిన ప్రతి విద్యాలయంలోనూ మరో నలుగురు తెలుగు పిల్లలు దొరుకుతారు. ఏ బదిలీ మనల్ని విడదీస్తుందో అదే ఈ పనికి కొత్త గొంతులను తెచ్చిపెడుతుంది.

ఏ పుస్తకం చదవవచ్చన్నది ముందే తేల్చుకోవాలి. మన దేశంలో 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం రచయిత బతికున్నంత కాలమూ, పోయిన మరుసటి ఏడాది మొదలు 60 ఏళ్లూ హక్కులు ఉంటాయి. ఆ తర్వాత రచన ప్రజలందరిదీ. మొదట్లో ఈ గడువు 50 ఏళ్లే. రవీంద్రనాథ్ ఠాగూర్ 1941లో మరణించారు. ఆయన రచనల గడువు తీరిపోయే వేళ దాన్ని పెంచాలన్న మాట బయలుదేరి, 1992 సవరణతో 60 ఏళ్లయింది. ఈ లెక్కన 1915లో పోయిన గురజాడ అప్పారావు గారు, 1919లో పోయిన కందుకూరి వీరేశలింగం గారు ఎప్పుడో అందరివాళ్లయ్యారు. 1946లో పోయిన చిలకమర్తి లక్ష్మీనరసింహం గారి పుస్తకాలు 2007 నుంచి, 1952లో పోయిన అడివి బాపిరాజు గారివి 2013 నుంచి, 1958లో పోయిన ఉన్నవ లక్ష్మీనారాయణ గారి 'మాలపల్లి' 2019 నుంచి అందరివీ. చలం గారు 1979లో, శ్రీశ్రీ గారు 1983లో పోయారు. వారి రచనల కోసం ఇంకా ఆగాలి.

ఇందులో రెండు మెలికలు ఉన్నాయి. ప్రేమ్‌చంద్ 1936లో పోయారు కాబట్టి ఆయన హిందీ కథలు ఎవరైనా చదవవచ్చు. వాటిని తెలుగులోకి తెచ్చినవారు ఈ మధ్యకాలం వారైతే ఆ తెలుగు మాటల మీద హక్కు వారిది. పాత పుస్తకానికి కొత్తగా రాసిన ముందుమాట, వివరణలు కూడా అంతే. రెండోది, లిబ్రివాక్స్ అమెరికా చట్టాన్ని చూసుకుని నడుస్తుంది. అక్కడ పాత పుస్తకాలకు ప్రచురణ ఏడాది నుంచి 95 ఏళ్లు లెక్కిస్తారు. ఇక్కడ గడువు తీరిన పుస్తకానికి అక్కడ తీరకపోవచ్చు. ఫోన్లో దొరికిందల్లా ఉచితమే అనుకునే అలవాటు మన వయసు వాళ్లలో బాగా ఉంది. పుస్తకం ఎవరిది, ఎప్పటిది, ఎవరి అనుమతి కావాలి అని వెతికి చూసుకోవడం ఈ పనిలో మనం నేర్చుకునే మొదటి పాఠం అవుతుంది. ఏ ప్రాజెక్టు వర్కు కోసమైనా ఆ అలవాటు పనికొస్తుంది.

పుస్తకాల కోసం దుకాణం వెతకనక్కర్లేదు. తెలుగు వికీసోర్స్‌లో పాత పుస్తకాలు చాలా ఉన్నాయి. అక్కడ కూడా పని చేసేది ఇష్టపడి వచ్చినవారే. స్కాన్ చేసిన పాత పేజీని పక్కన పెట్టుకుని టైపు చేస్తారు, ఒకరు దిద్దిన పేజీని ఇంకొకరు మళ్లీ చూస్తారు. పేజీ బొమ్మ కూడా అక్కడే ఉంటే, ఏదైనా మాట దగ్గర అనుమానం వచ్చినప్పుడు అచ్చులో ఏముందో వెంటనే చూసుకోవచ్చు. మనం వినిపించే పుస్తకం వెనక మనకు పేరు తెలియని ఇంకెవరిదో ఇంత శ్రమ ఉంటుంది.

ఏది ముందు చదవాలన్న విషయంలో మాకు గట్టి అభిప్రాయం ఉంది. చిన్నయసూరి గారి 'నీతిచంద్రిక', వీరేశలింగం గారి 'రాజశేఖర చరిత్రము' గొప్ప పుస్తకాలే. కానీ గ్రాంథికం మొట్టమొదటిసారి చెవిన పడితే మన తమ్ముడు రెండో నిమిషంలోనే ఫోను పక్కన పడేస్తాడు. మాట్లాడే భాషలో రాస్తేనే చదువు అందరికీ అందుతుందని గిడుగు రామమూర్తి గారు నూరేళ్ల కిందట వాదించారు. ఆ వాదన ఎంత సరైనదో చెవితో చదువుకునేవాడికి మరీ బాగా తెలుస్తుంది. అందుకని గురజాడ వారి 'దిద్దుబాటు'తో మొదలుపెడదాం. ఇది 1910 ఫిబ్రవరిలో 'ఆంధ్రభారతి' పత్రికలో అచ్చయింది. పది పన్నెండు నిమిషాల్లో చదివేయవచ్చు. పాత్రల మాటలు ఇంట్లో విన్నట్టే ఉంటాయి. చదువుకున్న భార్య రాసిపెట్టిన ఒక ఉత్తరం కథను మలుపు తిప్పుతుంది. అక్షరం వస్తే ఏమవుతుందో చెప్పే కథను అక్షరం రానివాళ్లకు వినిపించడం కంటే మంచి ఆరంభం ఏముంటుంది?

రెండో మెట్టుగా చిలకమర్తి వారి 'గణపతి' నవల తీసుకోవచ్చు. అది కొంచెం గ్రాంథికమే అయినా హాస్యం తోడుంటుంది కాబట్టి చెవి త్వరగా అలవాటుపడుతుంది. చిలకమర్తి గారికి చిన్నప్పటి నుంచే రేచీకటి. పెద్దయ్యాక చూపు పూర్తిగా పోయింది. అప్పుడు ఆయన చెబుతుంటే ఇతరులు రాశారు. కళ్లు లేకపోయినా నోటితో రచన సాగించిన మనిషి పుస్తకాన్ని మళ్లీ నోటితోనే పంచితే ఆయనకు సంతోషంగానే ఉండేదని మాకు అనిపిస్తుంది. ఆ రెండు మెట్లూ ఎక్కాక 'నీతిచంద్రిక' కూడా మనకు అంత దూరం కాదు.

ఈ మాట చెప్పినప్పుడు పెద్దలూ స్నేహితులూ కొన్ని అభ్యంతరాలు చెబుతారు. వాటికి జవాబు చెప్పడం మా బాధ్యత.

"ఫోనే చదివి పెడుతోంది కదా, మీరెందుకు?" అన్నది మొదటిది. నిజమే, ఇవాళ యంత్రం తెలుగు చదువుతుంది. వార్త వినడానికి, నోటీసు వినడానికి అది చాలు. కథలో 'ఏమోయ్' అన్న మాట కోపంతో అన్నదా, ముద్దుగా అన్నదా, వెటకారంగా అన్నదా అని తెలియాలంటే అలా పిలిపించుకున్న మనిషి చదవాలి. ఇంకో కారణం దానికంటే పెద్దది. ఒక అధ్యాయం తప్పు లేకుండా పైకి చదవాలంటే మనసులో కనీసం మూడుసార్లు చదువుకోవాలి. తెలియని మాటను అమ్మనో తాతయ్యనో అడగాలి. వత్తు దగ్గర తడబడితే మళ్లీ మొదలుపెట్టాలి. ఈ క్రమంలో మనకే చదవడం వస్తుంది. యంత్రం చదివితే విన్నవాడికి కథ దక్కుతుంది, మనకు అక్షరం దక్కదు.

"వినడం అలవాటైతే ఇక చదవడం మానేస్తారు" అన్నది రెండోది. మన పిల్లలు ఇప్పుడు తెలుగు చదవడమే లేదు, మానేయడానికి ఏముంది? ఒక కథ విని నచ్చినవాడు దాని పేజీ ఎలా ఉంటుందో చూడాలనుకుంటాడు. కథ ముందే తెలుసు కాబట్టి అక్షరం ఏమిటో ఊహించగలడు. సినిమా పాట నోటికి వచ్చినవాడు తెర మీద పాట మాటలు కనబడితే గబగబా చదివేయడం మనం చూస్తూనే ఉన్నాం. అందుకే ప్రతి రికార్డుకూ పక్కనే పెద్ద అక్షరాల్లో ఆ పాఠం ఉండాలని మేము కోరుతున్నాం. చెవి ముందు నడుస్తుంది, కన్ను వెనక వస్తుంది.

మూడోది యాస సంగతి. ఇది బయటికి ఎవరూ అనరు కానీ మనసులో అందరికీ ఉంటుంది. "నా తెలుగు మంచి తెలుగు కాదు, నేను చదివితే నవ్వుతారు" అని చాలామంది వెనక్కి తగ్గుతారు. హిందీ వాసన తగిలిన తెలుగు మాట్లాడే పిల్లలు, కొంటా వైపు నుంచి వచ్చిన పిల్లలు తెలుగు పీరియడు లేని బడిలో కూడా తెలుగు మాట్లాడడానికి జంకుతారు. మా అభిప్రాయం ఇది: పుస్తకంలో మాట ఎలా ఉంటే అలాగే చదవాలి, గొంతు మాత్రం ఇంట్లో ఎలా ఉంటుందో అలాగే ఉండాలి. ఒకే నవలలో ఒక అధ్యాయం సిక్కోలు లాగుడుతో, ఇంకోటి ఓరుగల్లు విరుపుతో, మరోటి కొంటా పలుకుబడితో వస్తే ఆ నవలకు నష్టం లేదు. వినేవాడికి తెలుగు ఎంత దూరం పరుచుకుని ఉందో తెలుస్తుంది. ఎవరి పలుకు విని ఎవరు నవ్వినా ఆ నవ్వు అక్కడితో ఆగాలి. ఆ ఒక్క నవ్వు వల్ల ఒక గొంతు జీవితాంతం మూగబోవచ్చు.

వినేవాళ్లు మన తమ్ముళ్లే కాదు. శుక్లాలు వచ్చిన తాతయ్యలు ఉన్నారు. చిన్న అక్షరం చదవలేని నాయనమ్మలు ఉన్నారు. అన్నిటికంటే ముఖ్యంగా చూపు లేని పిల్లలు ఉన్నారు. వారికోసం మన దేశం 2012లో కాపీరైట్ చట్టాన్ని సవరించి, అలాంటివారు చదువుకోగలిగే రూపంలోకి పుస్తకాలను మార్చడానికి వీలు కల్పించింది. ఇదే ఉద్దేశంతో 2013లో మర్రకేష్ ఒప్పందం కుదిరితే, 2014లో దాన్ని అందరికంటే ముందు ఆమోదించిన దేశం మనదే. చట్టం తలుపు తీసింది. చదివి పెట్టే గొంతులు ఇంకా కావాలి.

మన ప్రాంతానికి ఇంకో సౌకర్యం కూడా ఉంది. పుస్తకం ఒకసారి ఫోన్లో దాచుకుంటే నెట్ అక్కర్లేదు. మామూలు నాణ్యతలో రికార్డు చేసిన ఫైలు నిమిషానికి సుమారు 1 ఎంబీ ఉంటుంది. 'దిద్దుబాటు' మొత్తం ఒక ఫోటోల పొట్లమంత కూడా కాదు. విశాఖ వెళ్లే రైల్లో అరకు, బొర్రా ప్రాంతాల సొరంగాల్లో సిగ్నల్ పోతుంది, పాట ఆగిపోతుంది, అందరూ ఉసూరుమంటారు. దాచుకున్న కథ ఆగదు. సిగ్నల్ సరిగా అందని క్యాంపులకూ ఊళ్లకూ మెమరీ కార్డులో వేసి పంపవచ్చు.

కథ చెవికి చెందినదన్న మాట బస్తర్ మనుషులకు మనం నేర్పనక్కర్లేదు. ఇక్కడ గురుమాయిలు అనే గాయనులు జగార్ అనే పెద్ద పెద్ద కథలను హల్బీ భాషలో రోజుల తరబడి పాడతారు. కుండ మీద చేట, చేట మీద విల్లు పెట్టి వాయించే ధన్‌కుల్ వారి వాద్యం. అవి పుస్తకంలోంచి వచ్చిన కథలు కావు, నోటి నుంచి నోటికి వచ్చినవి. కొండగావ్‌కు చెందిన హరిహర్ వైష్ణవ్ గారు గురుమాయి సుక్దయి పాడిన లక్ష్మీ జగార్‌ను రికార్డు చేసి, ప్రతి మాటా రాసి, పుస్తకంగా తెచ్చారు. అలాగే శుభ్రాంశు చౌధరి అనే పాత్రికేయుడు 2010లో సీజీనెట్ స్వర మొదలుపెట్టారు. మామూలు ఫోనుతో ఒక నంబరుకు చేసి గోండీలోనో హిందీలోనో తమ ఊరి కబురు, పాట, ఫిర్యాదు రికార్డు చేయవచ్చు. సరిచూసిన తర్వాత మిగతావాళ్లు ఫోన్లోనే వింటారు. చదువు రాదన్న కారణంతో మాట ఆగిపోకూడదని చేసిన ఏర్పాటు అది. లిబ్రివాక్స్ పుస్తకం దగ్గర మొదలై గొంతు దాకా వచ్చింది. వీళ్లు గొంతు దగ్గరే మొదలుపెట్టారు.

గోండీ మనకు పరాయి భాష కూడా కాదు. తెలుగు, గోండీ ఒకే ద్రావిడ కుటుంబం. మన రెండు, మూడు, నాలుగు అంకెలు గోండీలో రండ్, మూండ్, నాలుంగ్. 2011 జనాభా లెక్కల ప్రకారం గోండీ మాట్లాడేవారు సుమారు 30 లక్షల మంది. అంత పెద్ద భాషలో పిల్లలు చదువుకునే పుస్తకాలు ఎంత తక్కువో మన తరగతి మిత్రులను అడిగితే తెలుస్తుంది. వాళ్లతో పోలిస్తే తెలుగు పిల్లలం అదృష్టవంతులం. మన దగ్గర పుస్తకాలు గుట్టలుగా ఉన్నాయి, గొంతు తగిలించడమే మిగిలింది.

ఇక్కడ ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. 'దిద్దుబాటు' అచ్చయిన 1910 ఫిబ్రవరిలోనే బస్తర్‌లో భూమ్‌కాల్ తిరుగుబాటు లేచింది. నేతానార్‌కు చెందిన గుండాధుర్ పేరు ఇప్పటికీ ఇక్కడి పాటల్లో ఉంది. గురజాడ కథకు తేదీ ఉంది, రచయిత పేరు ఉంది, హక్కుల గడువు ఉంది. బస్తర్ పల్లెల్లో పాడే పాటకు ఇవేవీ లేవు. కాగితం లేదు కాబట్టి అది ఎవరిదీ కాదని, ఫోను పట్టుకెళ్లి ఎవరైనా రికార్డు చేసుకోవచ్చని అనుకోకూడదు. ఆ పాట పాడే మనుషులు ఉన్నారు, కొన్ని పాటలకు పాడాల్సిన పండుగ కూడా ఉంటుంది. మన గోండీ, హల్బీ మిత్రులు తమ ఇళ్ల కథలు రికార్డు చేయాలనుకుంటే ముందు తమ పెద్దలను అడగాలి. ఏది బయటికి ఇవ్వాలో వాళ్లే నిర్ణయించాలి. మనం మైకు పట్టుకుని, తప్పులు విని చెప్పి సాయం చేస్తే చాలు. గిడుగు వారు పర్లాకిమిడిలో సవరల దగ్గర కూర్చుని వాళ్ల భాష నేర్చుకుని, 1931లో దానికి వ్యాకరణం, 1938లో నిఘంటువు తెచ్చారు. తెలుగు కోసం పోరాడిన మనిషే పక్కవారి భాషకూ అంత పని చేశారని మనం మరచిపోకూడదు.

ఇంక చేయవలసింది. ఆరు నుంచి పది మంది పిల్లలు, ఒక గురువుగారు ఉంటే మొదలుపెట్టవచ్చు. ఖరీదైన యంత్రాలు వద్దు. మామూలు ఫోను, చెవికి పెట్టుకునే మైకు చాలు. ముక్కలు అతకడానికి ఆడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, మన కంప్యూటర్ ల్యాబులో వేసుకోవచ్చు. ఇంట్లో చదివేవాళ్లు ఫ్యాను ఆపి, కిటికీ మూసి, కుక్కరు విజిలు రాని వేళ చూసుకోవాలి. పరుపులు, బట్టలు ఉన్న గదిలో గొంతు ప్రతిధ్వనించదు. రెండో శనివారం నాడు ఒక గంట, నెలకు ఒక అధ్యాయం. పరీక్షలకు ఇది అడ్డు రాదు.

పని పంచుకోవడంలో ఒక నియమం పెడదాం. తెలుగు చదవగలవాళ్లు చదవాలి. చదవలేనివాళ్లు వినాలి, కానీ ఊరికే కాదు. ఎక్కడ అర్థం కాలేదో, ఎక్కడ విసుగొచ్చిందో, ఏ మాట వినబడలేదో నిమిషం సెకనుతో సహా హిందీలోనైనా రాసివ్వాలి. ఆ మాటలు వినేవాడే చెప్పగలడు. అలా అక్షరం రాని పిల్లవాడికి కూడా పుస్తకం తయారీలో పాలు ఉంటుంది. ఒక ఏడాది తర్వాత అతడే చదవడానికి ముందుకొస్తే మాకు ఆశ్చర్యం ఉండదు.

పిల్లల గొంతు కాబట్టి పెద్దల అనుమతి తప్పనిసరి. లిబ్రివాక్స్ పద్ధతిలో ఇచ్చిన రికార్డును ఎవరైనా ఎలాగైనా వాడుకోవచ్చు. ఇచ్చిన తర్వాత వెనక్కి తీసుకోలేం. అందుకని మొదటి ఏడాది మన రికార్డులు విద్యాలయంలోనే ఉంచుదాం. ఇంటిపేరు, ఊరు, తరగతి చెప్పకుండా చదువుదాం. పద్ధతి కుదిరాక, అమ్మానాన్నలు ఒప్పుకుంటే, లోకానికి ఇవ్వడం గురించి ఆలోచిద్దాం.

సంపాదక వర్గానికి మా విన్నపం ఒకటుంది. వచ్చే సంచికలో తెలుగు పేజీల కింద ఒక చిన్న క్యూఆర్ కోడ్ అచ్చు వేయించండి. ఫోను చూపిస్తే ఆ పేజీ మన పిల్లల్లో ఒకరి గొంతుతో వినబడాలి. అప్పుడు పత్రిక ఇంటికి తీసుకెళ్లిన ఎనిమిదో తరగతి అమ్మాయి అమ్మ వంట ముగించే దాకా ఆగక్కర్లేదు.

మార్చి దాటితే బదిలీ ఉత్తర్వుల కోసం ఎదురుచూపులు మొదలవుతాయి. ఈ ఏడాది కూడా మాలో కొందరు వెళ్లిపోతారు. వెళ్లేవాళ్లు టీసీ, మార్కుల కార్డులతో పాటు తమ వంతు అధ్యాయం సంఖ్య కూడా రాసుకుని వెళ్లాలి. కొత్త ఊళ్లో సామాను విప్పాక, మొదటి సెలవురోజున ఫ్యాను ఆపి, ఆ అధ్యాయం చదివి మాకు పంపాలి. ఇక్కడ ఉన్నవాళ్లం విని, తప్పులుంటే చెబుతాం.